కౌంటీ కోర్టులో డ్రంక్ డ్రైవింగ్ కేసు రికార్డు వెతకడం ఎలా: డాలస్ ప్రాంతానికి కొత్తగా వచ్చినవారికి

టెక్సాస్‌లో తాగి బండి నడిపిన కేసు చలానా కట్టి మరిచిపోయేది కాదు. మొదటిసారి దొరికినా అది క్రిమినల్ కేసే. అరెస్టు చేసి జైలుకు తీసుకెళ్తారు, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు, బాండ్ కట్టాక వదులుతారు. ఆ వేలిముద్రలు డీపీఎస్‌కు (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ), అక్కడి నుంచి ఎఫ్‌బీఐకి చేరతాయి. కేసు కొట్టేసినా సరే, వీసా స్టాంపింగ్, గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ దగ్గర "ఆ కేసు చివరికి ఏమైంది?" అని అడుగుతారు. జవాబు కోర్టు కాగితంతో చెప్పాలి. ఆ కాగితం ఎక్కడ ఉంటుందో, ఎలా తీసుకోవాలో ఇక్కడ రాస్తున్నాం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీలనే దృష్టిలో పెట్టుకున్నాం. కేసు ఎలా నడపాలన్నది మాత్రం లాయరును అడగాల్సిన విషయం.

ముందు కౌంటీ తేల్చుకోండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందన్నది లెక్కలోకి రాదు. పోలీసులు బండి ఆపిన చోటు ఏ కౌంటీలో ఉందో కేసు అక్కడే నడుస్తుంది. ఫ్రిస్కోలో తూర్పు భాగం కాలిన్ కౌంటీ, పడమటి భాగం డెంటన్ కౌంటీ. క్యారల్‌టన్ మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది. అర్వింగ్ డాలస్ కౌంటీలోది. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు టారంట్, డాలస్ కౌంటీల మధ్య ఉంది. ఫ్రిస్కో పోలీసులు పట్టుకున్నారు కాబట్టి కాలిన్‌లో వెతికితే, కేసు డెంటన్‌లో ఉన్నప్పుడు ఏమీ కనిపించదు. బాండ్ కాగితం మీద కౌంటీ పేరు ఉంటుంది, దాన్ని చూడండి. అది లేకపోతే ఆపిన చోటును మ్యాపులో పెట్టి కౌంటీ సరిహద్దు చూసుకోండి.

ఏ కోర్టు, ఏ క్లర్కు

కౌంటీ తెలిశాక కేసు స్థాయి తెలియాలి. ఒక్కో స్థాయి కాగితాలు ఒక్కో ఆఫీసులో ఉంటాయి.

చట్టంలో ఈ నేరం పేరు డీడబ్ల్యూఐ (డ్రైవింగ్ వైల్ ఇంటాక్సికేటెడ్). మొదటిసారి అయితే క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే తక్కువ స్థాయి నేరం: 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. పరీక్షలో ఆల్కహాల్ మోతాదు 0.15 లేదా అంతకు మించి వచ్చినా, రెండోసారి దొరికినా క్లాస్ ఎ అవుతుంది. ఈ రెండు రకాల కేసులూ కౌంటీ స్థాయి క్రిమినల్ కోర్టుల్లో నడుస్తాయి. కాలిన్, డాలస్‌లలో ఆ ఫైళ్లు కౌంటీ క్లర్కు దగ్గర ఉంటాయి. మూడోసారి దొరికినా, బండిలో 15 ఏళ్లలోపు పిల్లలు ఉన్నా అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. అది డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్తుంది, ఫైలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఉంటుంది. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పార్టీ నుంచి ఇంటికి బయల్దేరేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. అది మొదటిసారే అయినా ఫెలనీయే.

21 ఏళ్లలోపు విద్యార్థి ఒంట్లో ఏ కొంచెం మద్యం ఉన్నా బండి నడిపితే డీయూఐ అంటారు. అది క్లాస్ సి, సిటీ మున్సిపల్ కోర్టులోనో జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులోనో ఉంటుంది. సిటీ కోర్టులోని కేసు కౌంటీ పోర్టల్‌లో, అంటే కోర్టు రికార్డులు వెతికే ఆన్‌లైన్ సైట్‌లో, సాధారణంగా దొరకదు. ఆ సిటీ కోర్టు సైట్‌లో చూడాలి.

హ్యూస్టన్ వైపు ఉన్నవారికి ఒక తేడా ఉంది. హారిస్ కౌంటీలో మిస్‌డిమీనర్ అయినా ఫెలనీ అయినా క్రిమినల్ ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గరే ఉంటాయి.

పేరుతో వెతికేటప్పుడు

కాలిన్ కౌంటీ అధికారిక సైట్‌లో జుడిషియల్ ఆన్‌లైన్ సెర్చ్ అనీ, డాలస్ కౌంటీకి కోర్ట్స్ పోర్టల్ అనీ ఉన్నాయి. డెంటన్‌కూ ఇలాంటిదే ఉంది. కౌంటీ ప్రభుత్వ సైట్ నుంచే లోపలికి వెళ్లండి. గూగుల్‌లో పైన కనిపించే "ఉచిత కోర్టు రికార్డులు" సైట్లు చాలావరకు డబ్బు తీసుకుని పాత సమాచారం అమ్మేవి. కోర్టులో కొట్టేసిన కేసును కూడా అవి ఇంకా నడుస్తున్నట్టే చూపించవచ్చు.

కేసు నంబరు ఉంటే దానితోనే వెతకండి. కాలిన్‌లో నంబరు మొదటి మూడు అంకెలు కోర్టును, చివరి నాలుగు అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. డాలస్‌లో ఎం అక్షరంతో మొదలైతే మిస్‌డిమీనర్, ఎఫ్‌తో మొదలైతే ఫెలనీ.

నంబరు లేకపోతే పేరు, పుట్టిన తేదీ కావాలి. తెలుగు పేర్లతో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. జైల్లో పేరు నమోదు చేసేది లైసెన్సు చూసో, మనం నోటితో చెప్పింది వినో. ఇంటిపేరు మొదటి పేరు గడిలోకి, సొంత పేరు చివరి పేరు గడిలోకి వెళ్లిపోతుంది. "వెంకట సాయి" అని రెండు మాటల్లో ఉన్న పేరులో రెండో మాట మధ్య పేరైపోతుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. కాబట్టి ఒక్కసారి వెతికి లేదనుకోకండి. పేర్లు తారుమారు చేసి చూడండి. మధ్య పేరు తీసేసి చూడండి. పొడవైన ఇంటిపేరైతే మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టి చూడండి. చాలా పోర్టళ్లు దాన్ని ఒప్పుకుంటాయి. దొరికిన ప్రతి కేసుకూ పుట్టిన తేదీ సరిపోల్చాలి. రెడ్డి, రావు, కుమార్ లాంటి పేర్లతో ఒకే కౌంటీలో ఎంతమంది ఉంటారో మీకు తెలిసిందే.

దొరకలేదంటే కేసు లేదని కాదు

అరెస్టు అయిన రోజే కోర్టులో కేసు పుట్టదు. రక్తం తీసుకుని ఉంటే ల్యాబ్ ఫలితానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అది వచ్చాక ప్రాసిక్యూటరు ఆఫీసు "ఇన్ఫర్మేషన్" అనే అభియోగ పత్రం వేస్తుంది. అప్పుడే పోర్టల్‌లో కేసు కనిపిస్తుంది. మిస్‌డిమీనర్ డీడబ్ల్యూఐకి వాళ్లకు 2 సంవత్సరాల గడువు ఉంటుంది. ఈలోపు జైలు రికార్డుల పేజీలో, బాండ్ వివరాల్లో మాత్రమే ఆనవాలు ఉంటుంది. "మూడు నెలలైంది, ఆన్‌లైన్‌లో ఏమీ లేదు, పోయినట్టే" అనుకుని ఇల్లు మారి, కొత్త చిరునామా చెప్పకుండా వాయిదా తప్పిన వారికి అరెస్టు వారంటు వస్తుంది. పోర్టల్‌లో దాన్ని కేపియస్ అని రాస్తారు. వారానికి ఒకసారైనా చూడండి. చిరునామా మారితే లాయరుకూ బాండ్ కంపెనీకీ చెప్పండి.

కేసు పేజీ చదవడం

పేజీలో ముందు చూడాల్సింది డిస్పోజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందన్నది. డిస్మిస్డ్ అంటే కొట్టేశారు. కన్విక్షన్ అంటే దోషిగా తేల్చారు. నోలో కంటెండరే అంటే నేరం ఒప్పుకోకుండా శిక్షకు మాత్రం ఒప్పుకోవడం. కమ్యూనిటీ సూపర్‌విజన్ అంటే ప్రొబేషన్. దాని తర్వాత "మోషన్ టు రివోక్" కనిపిస్తే ప్రొబేషన్ షరతు తప్పారని ప్రాసిక్యూటరు ఆరోపిస్తున్నట్టు. కొన్ని కేసుల్లో నేరం పేరే "అబ్‌స్ట్రక్షన్ ఆఫ్ ఎ హైవే" అని మారి ఉంటుంది. డీడబ్ల్యూఐని తగ్గించి రాజీ కుదుర్చుకున్నప్పుడు అలా జరుగుతుంది.

డిఫర్డ్ అడ్జుడికేషన్, అంటే తీర్పు ఆపి షరతులు పెట్టడం, అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. 0.15 కంటే తక్కువ ఉన్న మొదటి డీడబ్ల్యూఐకి 2019 సెప్టెంబరు 1 నుంచి ఈ వెసులుబాటు ఉంది. టెక్సాస్ చట్టం ప్రకారం ఇందులో దోషిగా తేల్చరు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం, నేరం ఒప్పుకుని కోర్టు ఏదో ఒక షరతు పెట్టిందంటే, దాన్ని కన్విక్షన్‌గానే చూస్తుంది. వీసా మీద ఉన్నవారు క్రిమినల్ లాయరు ఒక్కరి మాట విని దీనికి ఒప్పుకోకూడదు. సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి.

లైసెన్సు సంగతి ఈ పేజీలో ఉండదు. దాన్ని డీపీఎస్ విడిగా నడుపుతుంది. సస్పెన్షన్ నోటీసు అందిన రోజు నుంచి 15 రోజుల్లో హియరింగ్ అడక్కపోతే 40వ రోజు నుంచి సస్పెన్షన్ అమల్లోకి వస్తుంది. మొదటిసారి పరీక్షలో తప్పితే 90 రోజులు, పరీక్షకే ఒప్పుకోకపోతే 180 రోజులు. కోర్టు కేసు ఇంకా మొదలుకాకుండానే ఈ గడువు దాటిపోతుంది.

ఇతర రాష్ట్రాల్లో ఈ లెక్క మారుతుంది. న్యూజెర్సీలో ఇది క్రిమినల్ నేరం కాదు, ట్రాఫిక్ నేరం. ఎడిసన్‌లో దొరికితే కేసు మున్సిపల్ కోర్టులో ఉంటుంది. కాలిఫోర్నియాలో కౌంటీ సుపీరియర్ కోర్టులో చూడాలి. క్రిమినల్ కేసు కాగితాలు అక్కడ చాలావరకు ఆన్‌లైన్‌లో తెరుచుకోవు, కోర్టుకు వెళ్లాలి.

పెళ్లి సంబంధం కోసమో, ఇల్లు పంచుకోవడానికో వేరేవారి పేరు వెతికేవారూ ఉన్నారు. రికార్డు అందరికీ తెరిచే ఉంటుంది, చూడటం తప్పు కాదు. అయితే పుట్టిన తేదీ సరిపోలకుండా, డిస్పోజిషన్ చదవకుండా ఎవరి గురించీ ఎవరికీ చెప్పకండి. అభియోగం పడినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు.

సర్టిఫైడ్ కాపీలు

పోర్టల్ పేజీ ప్రింటు ఇమిగ్రేషన్ దగ్గర చెల్లదు. క్లర్కు ముద్ర, సంతకం ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలి. కాలిన్‌లో మెకిన్నీలోని బ్లూమ్‌డేల్ రోడ్డు కోర్టు భవనానికి, డాలస్‌లో రివర్‌ఫ్రంట్ బులవార్డ్ మీది ఫ్రాంక్ క్రౌలీ కోర్టు భవనానికి వెళ్లాలి. ఫొటో గుర్తింపు కార్డు, కేసు నంబరు తీసుకెళ్లండి. కౌంటర్‌లో "కేసు కాగితాలు" అని అడిగితే ఏదో ఒక పేజీ చేతికిస్తారు. అభియోగ పత్రం, తీర్పు లేదా డిస్మిసల్ ఆర్డరు, ప్రొబేషన్ ఉంటే అది ముగిసిన ఆర్డరు అని పేర్లతో అడగండి. పేజీకి 1 డాలరు, సర్టిఫికేషన్‌కు 5 డాలర్లు మామూలు రుసుము. మూడు నాలుగు సెట్లు తీసుకోండి. ఒకటి స్టాంపింగ్‌కు, ఒకటి గ్రీన్‌కార్డుకు పోయినా మీ దగ్గర ఇంకా మిగలాలి.

డీడబ్ల్యూఐ అరెస్టు తర్వాత, కేసు తేలకముందే, విదేశాంగ శాఖ పాస్‌పోర్టులోని వీసాను రద్దు చేయవచ్చు. దాంతో అమెరికాలో ఉండే హోదా దానంతటదే పోదు. కానీ ఇండియా వెళ్తే మళ్లీ స్టాంపింగ్ లేకుండా తిరిగి రాలేరు. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ కోసం ఆన్‌లైన్‌లో డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపేటప్పుడు "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న ప్రశ్నకు, కేసు కొట్టేసినా, అవును అనే రాయాలి. కాన్సులర్ అధికారి కోర్టు కాగితాలు చూడటంతో పాటు నిర్దేశిత డాక్టరు దగ్గర పరీక్షకూ పంపవచ్చు. దానికి సమయం పడుతుంది, రెండు వారాల సెలవు పెట్టుకుని వెళ్తే చాలదు.

కేసు కొట్టేసిన చాలామంది ఎక్స్‌పంక్షన్‌కు, అంటే రికార్డు పూర్తిగా చెరిపేయించడానికి దరఖాస్తు చేస్తారు. చేయండి. కానీ ఆ ఆర్డరు వచ్చాక క్లర్కు దగ్గర ఆ కేసు ఉండదు, కాపీ ఇవ్వడానికి వాళ్లకు వీలుండదు. అరెస్టు సంగతి మాత్రం ఫెడరల్ ప్రభుత్వం రికార్డుల్లో నిలిచి ఉండవచ్చు. అప్పుడు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో అధికారి ముందు అరెస్టు ఉంటుంది, అది కొట్టేసిన కాగితం మీ చేతిలో ఉండదు. అందుకే డిస్మిసల్ ఆర్డరు సర్టిఫైడ్ కాపీలు ముందే తీసుకుని, పాస్‌పోర్టుతో పాటు భద్రం చేసుకుని, ఆ తర్వాతే ఎక్స్‌పంక్షన్ పిటిషన్ వేయించండి.