ఎస్‌వీసీహోస్ట్ అసలుదా, నకిలీదా: నేను ఇలా తేల్చుకున్నాను

ఎస్‌వీసీహోస్ట్ (svchost.exe) అంటే విండోస్ సర్వీసులను నడిపే ప్రోగ్రామ్. టాస్క్ మేనేజర్‌లో దాని పేరు పదుల సార్లు కనిపించడం మామూలే. నా కంప్యూటర్లో మాత్రం ఒకటి ప్రాసెసర్‌ని అదే పనిగా తినేసేది. రీస్టార్ట్, క్విక్ స్కాన్, పేరుతో వెతకడం, ఏవీ పనిచేయలేదు.

డీటెయిల్స్ ట్యాబ్‌లో దానిమీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కాను. అసలుది మామూలుగా విండోస్ ఫోల్డర్లోని సిస్టమ్32లో ఉంటుంది. నాది యాప్‌డేటాలో (యాప్‌లు తమ డేటా దాచుకునే యూజర్ ఫోల్డర్‌లో) తేలింది! తర్వాత పవర్‌షెల్‌లో (విండోస్‌కి కమాండ్లు టైప్ చేసే చోట) గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ కమాండ్ ఇస్తే డిజిటల్ సంతకం, అంటే ఫైల్ ఎవరు చేశారో చెప్పే ముద్ర, లేదని వచ్చింది. (ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ లేకపోతే కంగారుపడకండి. చాలా అసలు విండోస్ ఫైళ్ల సంతకం విడిగా కేటలాగ్ అనే వేరే ఫైల్లో ఉంటుంది.) చివరగా ఫైల్ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) తీసి, చాలా యాంటీవైరస్‌ల ఫలితాలు ఒకేచోట చూపే వైరస్‌టోటల్ సైట్‌లో వెతికాను, చాలా యాంటీవైరస్ ఇంజిన్లు ప్రమాదకరమనే చెప్పాయి. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్‌తో అది పోయింది.

నా విషయంలో చోటే పట్టిచ్చింది. సిస్టమ్32లో ఉన్నంత మాత్రాన ఫైల్ మంచిదేనని మాత్రం నేను చెప్పలేను.