వాండా ఆర్కిడ్‌ను గింజ నుంచి పెంచడం ఎలా?

పాత మామిడి చెట్ల కొమ్మలు పట్టుకుని, లావుపాటి వేళ్లు గాల్లోకి వదిలే వాండా టెస్సెల్లేటాను బదనిక అనుకుని పీకి పారేసేవాళ్లు చాలామంది. అది చెట్టు రసం పీల్చదు, కొమ్మ దానికి ఆసరా మాత్రమే. గళ్ల గళ్ల రేకులు, మధ్యలో ఊదా పెదవి, మంచి వాసన. స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో తన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. అంతకుముందు ఆయన ఏళ్ల తరబడి పనిచేసింది మన సామర్లకోటలోనే. మన ఎండలు తట్టుకునే ఆర్కిడ్ కాబట్టి, గింజతో మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పే పేరు ఇదే.

ఒక్క కాయలో లెక్కలేనన్ని గింజలుంటాయి, పిండిలా. వాటిలో నిల్వ ఆహారం ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం తోడైతేనే మొలుస్తాయి. ఆ తోడు లేకపోయినా చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద మొలిపించవచ్చని 1922లో నడ్సన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. చిక్కేమిటంటే, ఆ తీపి బూజుకూ ఇష్టమే. అందుకే ఈ పనిలో ముప్పావు వంతు శుభ్రతే.

కాయ కట్టించడం

అడవి నుంచి మొక్క తేవద్దు, నర్సరీలో కొనండి. పువ్వు మధ్యలో చిన్న టోపీ కింద పసుపు పుప్పొడి ముద్దలుంటాయి. టూత్‌పిక్‌తో తీసి, వేరే మొక్క పువ్వులో దాని కిందే ఉండే జిగురు గుంటలో అద్దండి. పువ్వు వాడి, కాడ ఉబ్బితే కాయ నిలిచినట్టే. పండి పగలకముందే, అయిదారు నెలల ప్రాయంలో, పచ్చిగా కోయండి. పగిలితే గింజలకు బూజు అంటుతుంది. మూసి ఉన్న కాయ లోపల మాత్రం శుభ్రంగానే ఉంటుంది.

మీడియం

గింజలు మొలిచే జెల్లీనే మీడియం అంటారు. లీటరు నీళ్లకు సగం మోతాదు ఎంఎస్ పొడి (సీసాల్లో మొక్కలు పెంచే టిష్యూ కల్చర్‌కు వాడే పోషక లవణాల మిశ్రమం), 20 గ్రాముల చక్కెర, 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లు. పీహెచ్ 5.6 దగ్గరికి తెచ్చి, 8 గ్రాముల అగర్ వేసి మరిగించండి. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ కూడా అగరే, కానీ టిష్యూ కల్చర్ రకమైతే గడ్డకట్టడంలో తేడా రాదు. వేడికి కరగని మూతలున్న జామ్ సీసాల్లో వేలెడు మందాన పోసి, మూతలు వదులుగా పెట్టి, ప్రెషర్ కుక్కర్లో ఆవిరి పట్టాక 20 నిమిషాలు ఉంచండి. ఫాయిల్ చుట్టిన చాకు, పట్టకారు, ఒక స్టీలు ప్లేటు కూడా అందులోనే పెట్టండి. చల్లారాక మూతలు బిగించి వారం ఆగండి. బూజు వచ్చిన సీసాలు ఈలోపే బయటపడతాయి.

గింజ వేయడం

ఫ్యాన్ ఆపండి. పారదర్శక ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, చేతులు పట్టేలా రెండు రంధ్రాలు చేస్తే చాలు, పెద్ద పరికరాలు అక్కర్లేదు. లోపల, గ్లౌజుల మీద 70 శాతం స్పిరిట్ కొట్టండి. డబ్బాలో స్పిరిట్ ఉండగా అగ్గిపుల్ల, దీపం దగ్గరికి రానివ్వకండి, గుప్పున అంటుకుంటుంది.

కాయను సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, ఒక వంతు బ్లీచ్, నాలుగు వంతుల నీళ్లలో 20 నిమిషాలు ముంచండి. తర్వాత స్పిరిట్‌లో ఒక నిమిషం ముంచి, డబ్బాలో ప్లేటు మీద ఆరనివ్వండి. రెండు కొసలూ కోసి పారేసి, నిలువుగా చీల్చండి. లోపల దూదిలాంటి పోగుల మధ్య తెల్లటి గింజ కనిపిస్తుంది. సీసాకు చాకు కొన మీద పట్టేంత చల్లి వెంటనే మూయండి. ఒత్తుగా వేస్తే ఏదీ సరిగ్గా ఎదగదు. ఆశపడి ఎక్కువ చల్లడమే అందరూ చేసే పొరపాటు.

సీసాలో

25 డిగ్రీల చుట్టుపక్కల, నేరుగా ఎండ తగలకుండా, తెల్ల ఎల్‌ఈడీ కింద రోజూ 12 గంటలు ఉంచండి. గింజలు ఉబ్బి పచ్చటి పూసలవుతాయి. వీటినే ప్రోటోకార్మ్‌లంటారు. తర్వాత ఆకు, ఆపైన వేరు. పూసలు కిక్కిరిస్తే ఇదే జాగ్రత్తతో కొత్త సీసాల్లోకి మార్చండి. బూజు కనిపించిన సీసాను ఇంట్లో తెరవకుండా కుక్కర్లో ఉడికించి పారేయండి.

బయటికి

వేళ్లు రెండు సెంటీమీటర్లు సాగాక తీయవచ్చు. దానికి దాదాపు ఏడాది పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో అగర్ అంతా కడిగేయండి, కొంచెం మిగిలినా కుళ్లు మొదలవుతుంది. బొగ్గు, ఇటుక ముక్కల మీద నాటి, పైన పారదర్శక మూత పెట్టి, రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తెరవండి. మట్టి మాత్రం వద్దు.

అరచేతి పొడవు వచ్చాక, తొలకరి పడగానే మామిడి కొమ్మకు కొబ్బరి పీచుతో కట్టండి, పొద్దుటి ఎండ తగిలే వైపు. వర్షాలు ఆగాక రోజూ ఉదయం వేళ్ల మీద నీళ్లు చల్లాలి. బూడిదరంగు వేళ్లు పచ్చగా మారాయంటే నీరు సరిపోయినట్టు. పువ్వుకు మాత్రం ఇంకా కొన్నేళ్లు ఆగాలి.