విదేశీ హైకోర్టు తీర్పు చేతికొస్తే ముందు ఏం చూడాలి

హైదరాబాద్‌లో మదీనా దగ్గర, మూసీ ఒడ్డున ఉన్న మన తెలంగాణ హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తుంటాను. జూనియర్లు నెట్‌లో దొరికిన తీర్పు పట్టుకొచ్చి ‘హైకోర్టు చెప్పింది సార్’ అనగానే నేను అడిగేది ఒకటే: దాని పైన ఇంకెవరున్నారు?

పేరు చూసి మోసపోకండి. ఆస్ట్రేలియాలో హైకోర్టే ఆఖరి మెట్టు. కాన్‌బెరాలో ఏడుగురు జడ్జీలు, ఆపైన అప్పీలు లేదు. మన సుప్రీంకోర్టు తీర్పులా చదవండి. లండన్ హైకోర్టు వేరే. పెద్ద సివిల్ దావాలు అక్కడే మొదలవుతాయి, మామూలుగా ఒక్క జడ్జే వింటారు. పైన కోర్ట్ ఆఫ్ అప్పీల్, దానిపైన 2009 నుంచి సుప్రీంకోర్టు. కాబట్టి ఆ తీర్పు పైకోర్టులో నిలబడిందో లేదో వెతకండి. ఈ పని చేసేవాళ్లు తక్కువ!

మన హైకోర్టు అప్పీళ్లూ వింటుంది, రాజ్యాంగం 226 అధికరణ కింద రిట్లూ (అధికారుల చర్యలను సవాలు చేసే పిటిషన్లు) నేరుగా తీసుకుంటుంది. సుప్రీంకోర్టుకు 32 అధికరణ కింద వెళ్లాలంటే ప్రాథమిక హక్కుల ప్రశ్న ఉండాలి. 226కి ఆ పరిమితి లేదు. నోటీసివ్వకుండా గోడ కూల్చడానికి అధికారులొస్తే జనం ఇక్కడికి పరుగెత్తేది అందుకే.

విదేశీ తీర్పు మన జడ్జిని కట్టిపడేయదు, ఆలోచింపజేస్తుందంతే. ముందు మన తీర్పులు వెతకండి. 2010 నాటి తీర్పు మీద ‘ఆంధ్రప్రదేశ్ హైకోర్టు’ అని ఉంటే పరాయిదని పక్కన పెట్టేయకండి. తెలంగాణకు విడిగా హైకోర్టు వచ్చింది 2019 జనవరి 1న. అంతకుముందు ఉమ్మడి హైకోర్టు నడిచింది హైదరాబాద్‌లోనే.