ట్రాక్టర్ సీటు కుదుపు తగ్గాలంటే: సస్పెన్షన్ సీటు బిగించి, మనిషి బరువుకు సెట్ చేయడం ఎలా?

జూన్‌లో దామలచెరువు మండీకి మామిడి లోడు తోలే ట్రాక్టర్లను చూడండి. చాలా సీట్ల మీద మడిచిన గోతాం, దాని మీద ఒక దిండు ఉంటాయి. డ్రైవరు దిగేటప్పుడు చెయ్యి నడుం మీదే ఉంటుంది. డబ్బు పెట్టి, కింద స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉండే సస్పెన్షన్ సీటు వేయించుకున్నా నొప్పి తగ్గలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది సీటు బాగానే ఉంటుంది, సెట్ చేసిన తీరే తప్పు.

స్పానర్లు, గ్రీజు గన్ను, టేపు, సుద్దముక్క, తోడుకు ఒక మనిషి ఉంటే చాలు. పాత సీటు విప్పి, కింది ప్లేటు తుడిచి, కొత్తది కూర్చోబెట్టి నాలుగు బోల్టులూ స్ప్రింగ్ వాషర్లతో బిగించండి. రంధ్రాలు కుదరకపోతే మధ్యలో మందపాటి ప్లేటు వేయించండి, సీటు చట్రానికి మాత్రం వెల్డింగు పెట్టించకండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటును జరుపుకోండి. సీటు కింద కత్తెరలా మడుచుకునే చట్రం పిన్నులకు గ్రీజు కొట్టండి. అవి బిగుసుకుపోతే చిన్న అదురంతా నేరుగా వెన్నులోకే వస్తుంది.

దిండు ఎందుకు వద్దంటానో కూడా చెప్పాలి. కూర్చున్న మనిషి ఒంటికి సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ వచ్చే ఊపు అన్నిటికంటే చేటు. మెత్తని దిండు మీద కూర్చుంటే ఒకటిన్నర సెంటీమీటరు దిగుతుందనుకోండి. అలాంటి దిండు తనంతట తాను ఊగేది సెకనుకు సుమారు 4 సార్లు. ఏ ఊపు ఒంటికి తగలకూడదో దాన్నే అది పెంచుతుంది. సస్పెన్షన్ సీటు సెకనుకు ఒకటిన్నర, రెండు సార్లే నిదానంగా ఊగుతుంది కాబట్టి అంతకంటే వేగంగా వచ్చే అదురును కిందే ఆపగలదు. ఇదేదో సుఖం కోసం చెప్పే మాట కాదు. ఐరోపాలో ఎనిమిది గంటల పనిలో ఒంటికి ఎంత అదురు తగలవచ్చో 2002లోనే చట్టం చేసి హద్దు పెట్టారు.

ఇక అసలు పని, బరువుకు సెట్ చేయడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. సీటు స్ప్రింగును బిగించే, వదులు చేసే నాబ్ పక్కన కిలోల అంకెలు ఉంటాయి. వాటి దగ్గర ముల్లు పెట్టేసి వెళ్లిపోకండి. మన బరువులో కొంత కాళ్ల మీద, స్టీరింగు మీద పడుతుంది. పైగా స్ప్రింగు పాతబడేకొద్దీ సాగుతుంది. టేపుతో కొలిస్తేనే నమ్మకం.

ట్రాక్టరును చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేయండి. సీటు మెత్త పైనుంచి కాదు, సీటు పై చట్రం అంచు నుంచి కింది ప్లేటు దాకా కొలవాలి. ఖాళీ సీటు ఎత్తు 26 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. నాబ్ పూర్తిగా వదులు చేసి, బరువైన మనిషిని కూర్చోబెట్టి, అడుగున రబ్బరుకు తగిలేదాకా నొక్కించి మళ్లీ కొలవండి. 16 వచ్చిందనుకుందాం. నడిమి కొలత 21. ఈ మూడు అంకెలూ మడ్‌గార్డ్ మీద సుద్దతో రాసుకోండి.

ఇప్పుడు ఆ ట్రాక్టరును రోజూ నడిపే మనిషే ఎక్కాలి. కాళ్లు ఫుట్‌బోర్డు మీద, చేతులు స్టీరింగు మీద పెట్టి, రెండుసార్లు ఎగిరి కూర్చుని కదలకుండా ఉండాలి. అలా ఎగరకపోతే చట్రం రాపిడికి సీటు మధ్యలో ఎక్కడో పట్టుకుని దొంగ కొలత చూపిస్తుంది. పక్కనున్న మనిషి కొలవాలి. 22 రావాలి, అంటే నడిమికి ఒక సెంటీమీటరు పైన. గట్టు దిగేటప్పుడు కిందికి తగిలే దెబ్బే పెద్దది కాబట్టి ఆ జాగా అక్కడ ఉండాలి. 22 రాకపోతే మనిషిని దింపి, నాబ్ అర చుట్టు తిప్పి, మళ్లీ ఎక్కించి కొలవండి. మనిషి కూర్చుని ఉండగా తిప్పితే మర దారాలు అరుగుతాయి. నాలుగైదు సార్లు ఎక్కీ దిగీ చేయాల్సి వస్తుంది, విసుక్కోవద్దు.

"సామీ, ఊగకుండా గట్టిగా బిగించు" అని అడుగుతారు. వద్దు. నాబ్ తిప్పితే స్ప్రింగు ముందే సాగి బిగుసుకుంటుంది. అది మనిషి బరువును మించితే సీటు పై అంచుకు ఆనుకుని ఇనుప స్టూలు మాదిరి అయిపోతుంది. మరీ వదులైతే ప్రతి గుంతలో రబ్బరుకు గుద్దుకుంటుంది. ఆ దెబ్బ కంటే మామూలు సీటే నయం. పాకాల దగ్గర ఒకే ట్రాక్టరును 95 కిలోల రైతూ, 58 కిలోల వాళ్ల అబ్బాయీ నడిపేవాళ్లు. సీటు నాయన బరువుకు సెట్ అయి ఉంది, నడుం నొప్పి కొడుకుకు. ఇద్దరికీ విడివిడిగా కొలిచి, నాబ్ మీద ఎర్ర గీత ఒకటి, తెల్ల గీత ఒకటి పెట్టి ఇచ్చాను. నడిపే మనిషి మారినప్పుడల్లా నాబ్ కూడా తిప్పాల్సిందే.

షాక్ అబ్జార్బర్‌ను కూడా చూడండి. సీటును నొక్కి వదిలితే ఒకసారి పైకి వచ్చి నిలవాలి. మూడు నాలుగు సార్లు ఊగినా, రాడ్డు మీద ఆయిల్ తడి కనిపించినా మార్చాల్సిందే. దాని బదులు బైకు షాక్ అబ్జార్బర్ బిగించి తెచ్చినవాళ్లున్నారు. అది సీటుకు మరీ గట్టి, అదురును ఆపకపోగా పైకే పంపిస్తుంది. ఆ సీటుకు ఇచ్చిన రకమే వేయండి.

చివరగా, దున్నిన వేరుశనగ చేలో రెండో గేరులో పది నిమిషాలు తోలండి. అడుగున దబ్బుమంటే అర చుట్టు బిగించండి, పైన టక్కుమంటే అర చుట్టు వదలండి. టైర్లలో గాలి కంపెనీ పుస్తకంలో చెప్పినంతే ఉండాలి, రోడ్డు లోడుకు ఎక్కించిన గాలితో చేలోకి దిగొద్దు. వారం తర్వాత నాలుగు బోల్టులూ మరోసారి బిగించి, 22 అలాగే ఉందో లేదో కొలవండి. కొత్త స్ప్రింగు మొదటి వారంలో కొంచెం సాగి ఉంటుంది.