నాన్న మారుతీ కారును అమ్మలేకపోతే చేయాల్సిన పనులు

పోయిన ఏడాది స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు కొన్నాం, పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది. ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కోసం మా ఆయన కొన్నాళ్ళు వెతికారు గానీ, మన దగ్గర అవి ఇంకా చాలావరకు లగ్జరీ బ్రాండ్లలోనే ఉన్నాయి. ధర విని ఊరుకున్నారు. వైజాగ్ ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చేసరికి గేటు లోపల నాన్న మారుతీ 800 ఉంది. 1998 మోడల్, ఏపీ 31 నంబరు. ‘‘ఇక దాన్ని ఇచ్చేద్దామా?’’ అన్నారు మా ఆయన. నేను వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయాను.

మీరూ అలా లోపలికి వెళ్ళిపోయిన బాపతే అయితే, ముందు ఒకసారి కార్లో ఒంటరిగా కూర్చోండి. వదల్లేనిది బండినా, అందులో ఉన్న వస్తువునా తేల్చుకోండి. నాకు డాష్‌బోర్డు అరలోని నాన్న డైరీ అనుకున్నాను. పెట్రోలు పోయించినప్పుడల్లా తేదీ, లీటర్లు, మీటరు రీడింగు, పక్కన మైలేజీ లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మూడు వారాలు ఖాళీ. తర్వాత ఎర్ర ఇంకుతో ఒక్క లైను: ‘‘షెడ్డు రేకు పడింది. బానెట్ సొట్ట. ఇంజను ఓకే.’’ ఆ డైరీ తెచ్చి బీరువాలో పెట్టి చూశాను. వారం తిరక్కుండానే మళ్ళీ కార్లో పెట్టేశాను. అక్కడ ఉంటేనే అది డైరీ. మీకు అలాంటి వస్తువు ఒక్కటి సరిపోతే అది తీసుకుని బండిని నడిపేవాళ్ళకి ఇచ్చేయండి. మూల పడేసి కుళ్ళబెట్టడం కంటే నయం.

ఉంచుకుంటే మాత్రం వైజాగ్‌లో అసలు పని తుప్పుతోనే. మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్సే ఆగవు, పాత రేకు ఏం ఆగుతుంది? జాగ్రత్త చేస్తున్నాననుకుని వానాకాలమంతా ప్లాస్టిక్ కవరు కప్పి తాళ్ళతో కట్టేశాను. దసరాకి విప్పితే లోపల ముద్దగా తడి, వైపర్ల కింద పెయింటు పొక్కులు లేచి ఉంది. కంచరపాలెంలో మా మెకానిక్ చూసి, ‘‘ఇది కవరు కాదమ్మా, ఇడ్లీ కుక్కరు. బండిని ఉడకబెట్టేసినావు’’ అన్నాడు. గాలి ఆడే గుడ్డ కవరు వేయండి, లేదా పైన నీడ ఉంటే ఏమీ వేయకండి.

తలుపుల అడుగు అంచున చిన్న కన్నాలుంటాయి. అద్దం మీద పడ్డ వాన నీళ్ళు తలుపు లోపలికి దిగి అక్కడి నుంచే పోవాలి. చీపురుపుల్ల పెట్టి మెల్లగా తిప్పండి. మా బండికి ముందు నల్లటి మడ్డి వచ్చింది, తర్వాత ఒక వేపాకు ఈనె, ఆ వెనకే గ్లాసెడు నీళ్ళు ధారగా కారాయి. వాన పడి అప్పటికి తొమ్మిది రోజులైంది! తుప్పు లోపలి నుంచి ఎందుకు మొదలవుతుందో అప్పుడు అర్థమైంది. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చేత్తో తడిమి చూడండి. కడిగేటప్పుడు పైన మెరిపించడం కంటే అడుగు భాగం, చక్రాల పైన వంపులు ముఖ్యం. బీచ్ దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడగొద్దు, కుళాయి నీళ్ళు వాడండి.

నిలబెట్టి పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఆపేయడం చాలామంది చేసే పని. దానివల్ల బ్యాటరీ సరిగా ఎక్కదు, సైలెన్సర్లో పట్టిన నీరు ఆరదు, అది లోపల నుంచి తినేస్తుంది. నేను ఆదివారం పొద్దున్నే రుషికొండ దాకా వెళ్ళి వస్తాను. వారం ఆగిన కార్బ్యురేటర్ బండి (గాలిలో పెట్రోలు కలిపే పాత పద్ధతిది) వెంటనే అందుకోదు. చల్లటి ఇంజనుకు పెట్రోలు పాళ్ళు పెంచే నాబ్, చోక్, పూర్తిగా లాగండి, యాక్సిలరేటర్ జోలికి పోకండి, ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆపి, కాసేపాగి మళ్ళీ కొట్టండి. అందుకున్నాక చోక్ కొద్దికొద్దిగా లోపలికి నెట్టాలి. మా అబ్బాయి ఆ నాబ్ చూసి ఫోను చార్జర్ పెట్టేదా అని అడిగాడు.

ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే హ్యాండ్ బ్రేక్ వేయకండి, వెనక బ్రేకు డ్రమ్ములు పట్టేస్తాయి. గేర్లో పెట్టి చక్రం కింద ఇటుక పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించాను. మూడు నెలలకు సరిపడా ఒకేసారి పోయించడం మానేశాను.

ఇంకో సంగతి మీ కాళ్ళది. 800 నడిపొచ్చి అదే రోజు ఆటోమేటిక్ హైబ్రిడ్ ఎక్కితే ఎడమకాలు క్లచ్ కోసం వెతుకుతుంది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర నేను క్లచ్ అనుకుని బ్రేకు ఫుల్లుగా తొక్కాను. వెనకున్న ఆటో అతను పక్కకొచ్చి, ‘‘ఏటమ్మా, బండి కొత్తా, నువ్వు కొత్తా?’’ అన్నాడు. అప్పటి నుంచి హైబ్రిడ్ ఎక్కగానే ఎడమకాలు సీటు వైపు లాక్కుని కూర్చుంటున్నాను. అటు నుంచి ఇటు వచ్చినా జాగ్రత్తే. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 800కి లేదు, ముందు బండికి దూరంగా ఉండండి.

కాగితాలు: పదిహేనేళ్ళు దాటాక ప్రతి ఐదేళ్ళకూ ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేసుకోవాలి. 2018లో నాన్న ఆ ఫీజు 600 కట్టారు. 2022 ఏప్రిల్‌లో పెంచడంతో 2023లో నేను 5,000 కట్టాను, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇరవై ఏళ్ళు దాటిన బండ్లకి 2025లో ఇంకా పెంచారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ మామూలే.

మాకు మళ్ళీ 2028లో. డైరీ చివరి పేజీలో నాన్న రాసిన ‘‘2023’’ కింద ఆ ఏడాది రాసి, పక్కన ‘‘అంతకు ముందే డ్రైవర్ వైపు ఫ్లోరు వెల్డింగు’’ అని రాసుకున్నాను.