మత్తులో ఉన్నాడా, మానేసి వణుకుతున్నాడా: ధర్మాబాద్, బిలోలి వైపు మిల్లు సూపర్‌వైజర్లకు

కూలీ తాగొచ్చాడా అని అనుమానం వస్తే జిన్నింగ్ మిల్లులో ముందు వాసన చూస్తారు. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మన వైపు అది సరిపోదు. సరిహద్దుకు అవతల తెలంగాణలో కల్లులో అల్‌ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు కలిపిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. ఇవి ఊదించే మీటరుకు అందవు. మీటరు సున్నా చూపించిందని మనిషిని బెల్టు దగ్గర నిలబెట్టొద్దు.

సారా తాగినవాడు గట్టిగా మాట్లాడతాడు, వాసన దాగదు. ఈ మత్తుమందులు కలిపిన కల్లు తాగినవాడికి మాట ముద్దగా వస్తుంది, నిలబడే కునుకుతాడు, ఇప్పుడే చెప్పింది మర్చిపోతాడు. గంజాయికి కళ్లు ఎర్రబడతాయి, నోరు పిడచకట్టుకుపోతుంది, దూరం అంచనా తప్పుతుంది. అయితే పత్తి ధూళికీ, రాత్రి షిఫ్టుకూ కూడా కళ్లు ఎర్రబడతాయి. ఖర్రా (పొగాకు, వక్క కలిపి నమిలేది) నోటి క్యాన్సర్ తెస్తుంది, అది వేరే పోరాటం, మనిషిని తూలించదు.

కాబట్టి ఒక్క గుర్తుతో తేల్చొద్దు. చూసింది చూసినట్టు రాయాలి. "తాగొచ్చాడు" అని కాదు, "సోమవారం 7:40, మెట్టు రెండుసార్లు తప్పాడు, మూడోసారి పిలిస్తే పలికాడు" అని. పక్కన హాజరు రిజిస్టర్ పెట్టుకుంటే కూలి డబ్బుల బట్వాడా మరుసటి రోజు నాగాలు వాటంతటవే కనబడతాయి.

అసలు ప్రమాదం ఎక్కువమంది గుర్తుపట్టనిది: మానేసినప్పుడు వచ్చేది. దుకాణం మూసినా, చేతిలో డబ్బుల్లేకపోయినా మత్తు ఒక్కసారిగా ఆగిపోతుంది. చేతుల వణుకు, చెమట, నిద్ర లేకపోవడం, లేని మనుషులతో మాట్లాడటం దీని గుర్తులు. సారా ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. డయాజిపాం ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, కాబట్టి ఆ కల్లు మానినవాడికి వారం దాటాక కూడా రావచ్చు. "ఇవాళ తాగలేదు, మంచిగున్నాడు" అని యంత్రం అప్పజెప్పేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నలుగురిలో అడగొద్దు. ముకద్దంను (కూలీల మేస్త్రీని) ఒక్కడినే వెంటబెట్టుకుని, నీడకు తీసుకెళ్లి అడగాలి: "అన్నా, పొద్దున సంది చేతులు వణుకుతున్నయ్. కల్లు బంద్ చేసినవా? ఎన్ని రోజులైంది? షుగర్ గోలీలు ఏమన్న వేసుకుంటవా?" చివరి ప్రశ్న వదలొద్దు. షుగర్ పడిపోయినా ఇదే వణుకు, ఇదే చెమట, ఇదే తికమక. తెలివిలో ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు ఇవ్వాలి. మే నెలలో వడదెబ్బనూ గుర్తుంచుకోవాలి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. టైం చూసుకోవాలి. 5 నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. మానేసినవాడికైతే మొదటిసారికే పిలవడం మంచిది.

మత్తులో ఉన్నవాడిని తన బండి మీద ఇంటికి పంపొద్దు, ఇంటివాళ్లను పిలిపించాలి. కల్లు ఒక్కసారిగా మానిపించే బాధ్యత మిల్లు మీద వేసుకోవద్దు. డాక్టర్లు ఆ మత్తుమందు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. మత్తు మాన్పించే సాయానికి 14446, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416. చికిత్స నుంచి తిరిగొచ్చినవాడికి డాక్టర్ చీటీ చూశాకే పని చెప్పాలి; మొదట్లో బెల్టు దగ్గర కాకుండా తూకం దగ్గరో, బస్తాలు లెక్కపెట్టే చోటో పెట్టాలి.