సైకాలజీ చదివితే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు

ఎం.ఏ. సైకాలజీ పట్టా చేతికొచ్చాక బోర్డు పెట్టేయవచ్చనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది వరకూ జైలు పడొచ్చు.

ఇంటర్‌లో ఏ గ్రూపైనా బీఏ సైకాలజీకి పనికొస్తుంది. అయితే గణాంకశాస్త్రం తప్పించుకోలేరు, లెక్కలంటే భయం ముందే వదిలించుకోండి. పీజీలో 55 శాతం తగ్గనివ్వకండి. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్‌కు దారిగా ఉన్న, ఆసుపత్రి శిక్షణతో రెండేళ్లు సాగే క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.కు అదే కనీస అర్హతగా ఉండేది. ఎం.ఫిల్.లో ప్రవేశాలకు యూజీసీ 2025-26 వరకే గడువిచ్చింది. కాబట్టి ఇకపై ఆర్‌సీఐ ఆమోదించిన క్లినికల్ కోర్సులనే వెతకాలి.

ఫీజు కట్టేముందు కాలేజీ మాట నమ్మకుండా, ఆర్‌సీఐ వెబ్‌సైట్లో ఆ కాలేజీ పేరు, కోర్సు పేరు, ఆమోదం ఉన్న సంవత్సరం మూడూ సరిచూడండి. దూరవిద్యలో సైకాలజీ ప్రవేశాలను యూజీసీ 2025లో ఆపేసింది. ఎవరైనా ఇంకా అమ్ముతుంటే దూరంగా ఉండండి.

మందులు రాయాలనుంటే దారి వేరు: ఎంబీబీఎస్, ఆపై సైకియాట్రీలో ఎండీ. రోగులతో పని మీకు సరిపడదనిపిస్తే కంపెనీల హెచ్‌ఆర్, స్కూల్ కౌన్సెలింగ్, పరిశోధన ఉన్నాయి.